టీవీ బాగా వస్తోందని కంప్లెయింట్

నా పేరు చాంద్ బాషా. ఇరవై రెండేళ్ళుగా మాచర్లలో కేబుల్ కనెక్షన్లు ఇస్తున్నాను. బొమ్మ రావడం లేదని తిట్టినవాళ్ళున్నారు, సౌండ్ రావడం లేదని తిట్టినవాళ్ళున్నారు, వాన పడినప్పుడల్లా ఆ వాన నేనే కురిపించినట్టు తిట్టినవాళ్ళున్నారు. టీవీ బాగా వస్తోందని కంప్లెయింట్ ఇచ్చిన మనిషి మాత్రం ఒక్కతే. రైల్వే గేటు అవతలి బజారులో ఉండే గురవమ్మక్క.

"ఒరేయ్ బాషా, రోజూ ఏడింటి నుంచి ఎనిమిదింటి దాకా మా ఇంటికి కనెక్షన్ పీకెయ్" అంది ఫోన్ చేసి.

"ఏందక్కా, బొమ్మ ఆగిపోతందా?"

"ఆగిపోతే నీకెందుకు చేస్తా? సుబ్బరంగా వస్తంది. అదేరా నా కర్మ."

ఆమె కర్మ ఏమిటో చెప్పాలంటే ముందు పున్నారావు బావ చెవుల గురించి చెప్పాలి. బావ, అంటే గురవమ్మక్క భర్త, ముప్పై ఏళ్ళు ఊరవతల కంకర క్వారీలో పనిచేశాడు. రాతికి బెజ్జాలు వేసే మిషను పట్టుకునే పని. ఆ మిషను మోతకీ తూటాల పేలుళ్ళకీ చెవులు కొంచెం కొంచెంగా పోయాయి. ముందు ఫోను మోగడం వినపడలేదు. తర్వాత వీధిలో పిలుపులు వినపడలేదు. అరవై దాటేసరికి గురవమ్మక్క అరుపు కూడా వినపడలేదు. ఆమె అరుపు వినపడలేదంటే ఇక ఆ చెవుల్లో ఏమీ మిగల్లేదని బజారుకంతా అర్థమైంది. నరసరావుపేట తీసుకెళ్ళి చెవి మిషను పెట్టించారు. అది పెట్టుకుంటే తలకాయలో మళ్ళీ క్వారీ నడుస్తోందని తీసేసి, వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మాట మాత్రం పోలేదు. బావ మాట్లాడితే బజారంతా వింటుంది, ఆయన తప్ప.

క్వారీ మానేశాక ఆ మనిషికి టీవీ తప్ప వేరే లోకం లేదు. మొదట్లో సౌండ్ చివరిదాకా పెట్టేవాడు. బజారంతా గొడవకొస్తే పూర్తిగా తగ్గించారు. అప్పుడు గురవమ్మక్క పక్కన కూర్చుని సీరియల్ కథ చెవిలో అరిచి చెప్పడం మొదలుపెట్టింది. "అత్త కోడల్ని ఇంట్లోంచి గెంటేసిందయ్యో!" అని ఒకరోజు గట్టిగా అరిస్తే, అదే వారం కోడలితో తగాదా పడ్డ పక్కింటి సుబ్బరత్నమ్మ ఆ మాట తన మీదే అనుకుని నెలరోజులు వీళ్ళ గడప తొక్కలేదు. ఆ అరుపు కూడా బావ చెవికి ఎక్కలేదు, గురవమ్మక్క గొంతు మాత్రం పోయింది. ఇక ఆమె మానుకుంది. బావ మాటలు లేని బొమ్మలు చూస్తూ కూర్చునేవాడు.

అక్క నన్నడిగితే నేనూ కొంత ప్రయత్నం చేశాను. రిమోట్‌లో కింద అక్షరాలు వేసే బటన్ ఒకటుంది. నొక్కితే అక్షరాలు లేవని చెప్పే అక్షరాలు మాత్రం వస్తాయి. ఏ తెలివిగలవాడు పెట్టాడో ఆ బటన్! తర్వాత ఒక వార్తల ఛానల్ పెట్టాను. తెర మూలన చిన్న గడిలో ఒకమ్మాయి, చెవులు వినపడనివాళ్ళ కోసం వార్తలు చేతులతో చెబుతూ ఉంటుంది. బావ కళ్ళు చిట్లించి పది నిమిషాలు చూశాడు.

"ఈ పిల్ల ఏ క్వారీదిరా? మన చేతులు కాదే ఇయ్యి!" అన్నాడు.

గురవమ్మక్క ఆ మూలనున్న అమ్మాయిని ఎగాదిగా చూసి, "చేతులకి గాజులన్నా ఏసుకోలేదు, చూడు" అంది. ఆ మాటప్పుడే నేను జాగ్రత్తపడి ఉండాల్సింది.

'మన చేతులు' అని బావ అన్నది ఊరికే కాదు. మిషను మోతలో నోటిమాట పనికిరాదు కాబట్టి క్వారీలో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారట. పిడికిలి గడ్డం కింద పెడితే మేస్త్రీ వస్తున్నాడని. అరచెయ్యి మెడ మీద అడ్డంగా గీస్తే పేలుడు మందు అంటించారు, పరిగెత్తమని. చెవి తమ్మె పట్టుకుని లాగితే వాడు చెప్పేదంతా అబద్ధమని. ఇలా ఒక వందదాకా ఉన్నాయి. ఏ బళ్ళోనూ చెప్పరు, ఆ క్వారీ దుమ్ము తిన్నవాళ్ళకే తెలుసు. గురవమ్మక్క ఏనాడూ క్వారీ ముఖం చూడలేదు. తెల్లారేసరికి సద్ది కట్టి పంపడం వరకే ఆమె పని.

ఇక ప్రేమకుమారి. అదే క్వారీలో పంతొమ్మిదేళ్ళు కంకర మోసింది. భర్త పోయాడు. ఇప్పుడు వీళ్ళకి మూడో ఇల్లు. పదో తరగతి దాకా చదువుకుంది, ఎక్కువ మాట్లాడదు. ఒకరోజు సాయంత్రం పాలు తోడుపెట్టుకోవడానికి కాస్త పెరుగు కావాలని గిన్నె పట్టుకుని వచ్చింది. గురవమ్మక్క వంటింట్లో గోంగూర తుంచుతోంది. టీవీలో అత్తగారు నగలన్నీ దిగేసుకుని మెట్లు దిగుతోంది. ప్రేమకుమారి బావ వైపు చూసి, పిడికిలి తీసుకెళ్ళి గడ్డం కింద పెట్టింది. మేస్త్రీ వస్తున్నాడు.

బావ నవ్వాడు. మామూలు నవ్వు కాదు, తువ్వాలు కళ్ళకి అద్దుకునేంత నవ్వు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో వినపడని నవ్వది. గురవమ్మక్క గోంగూర కాడ చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తను ఏ కూర వండినా, ఏం చెప్పినా, ఎంత అరిచినా రాని నవ్వు, పెరుగు కోసం వచ్చినదానికి వచ్చింది. ఆ రోజు తోడుకి ఇచ్చిన పెరుగు కూడా వెనక్కి లాక్కోవాలనిపించిందిరా అని తర్వాత నాతో చెప్పింది.

మర్నాటి నుంచి ఏడు కొట్టేసరికి ప్రేమకుమారి రావడం, బావ ఆమె కోసం కుర్చీ జరపడం. గంటసేపు ఆమె చేతులూ ఈయన నవ్వులూ. గురవమ్మక్క చెయ్యగలిగినవన్నీ చేసింది. ప్రేమకుమారి టీలో పంచదార తగ్గించింది. రెండో కుర్చీ తీసుకెళ్ళి పెరట్లో వేసి దాని మీద మిరపకాయలు ఎండబెట్టింది. ప్రేమకుమారి చప్పటి టీ తాగి, కింద చాప మీద కూర్చుని, అలాగే చేతులతో చెప్పింది. ఇక మిగిలింది నేను. అందుకే ఆ ఫోను.

"ఏందక్కా ఇది? ఆమె బావని అన్నా అనే కదా పిలుస్తది" అన్నాను.

"అవున్రా, నోటితో అన్నా అంటది. చేతుల్తో ఏమంటదో నాకేం తెలుసు? నా ఇంట్లో, నా కళ్ళ ముందు, నాకు తెలవని భాష!"

"ఈ వయసులో నీకు..."

"ఈ వయసులో నాకు మిగిలింది ఆ నవ్వొక్కటేరా బాషా. అది కూడా పట్టుకపోయి దాని చేతుల్లో పోస్తే ఇంక నేనెవర్ని ఆ ఇంట్లో? ఒండిపెట్టే మనిషినా?"

చెయ్యకూడదని తెలిసీ రెండు రోజులు ఏడింటికి ఆ ఇంటి కనెక్షన్ ఆపేశాను. మూడోరోజు గురవమ్మక్కే ఫోన్ చేసి నా ఏడు తరాలనీ తిట్టింది. టీవీ నల్లగా ఉంటే ఏం, వాళ్ళిద్దరూ దాని ముందే కూర్చుని క్వారీ రోజులన్నీ తవ్వుకున్నారట, చేతులతోనే. అంతకుముందు టీవీలో ఏం జరుగుతోందో చూసైనా వాళ్ళేం చెప్పుకుంటున్నారో ఊహించుకునేది. ఇప్పుడు అదీ లేదు. ఒకచోట బావకి కళ్ళనీళ్ళు కూడా వచ్చాయట, ఎవరి గురించో తెలియక గురవమ్మక్కకి ఆ పూట అన్నం సహించలేదు.

అప్పుడు నాకు మా అమ్మాయి ట్యాబ్ గుర్తొచ్చింది. కరోనా అప్పుడు క్లాసుల కోసం కొన్నది, ఇంట్లో ఊరికే పడి ఉంది. మాట వింటే దాన్ని తెలుగు అక్షరాల్లో రాసి చూపించే యాప్ ఒకటి అందులో వేశాను. టీవీ కింద స్టాండు పెట్టి నిలబెట్టి, సౌండ్ కొద్దిగా పెంచాను. టీవీలో మాట రాగానే ట్యాబ్ మీద ఇంతింత లావు అక్షరాలు పరుగెత్తాయి. ఒకటీ అరా తప్పులున్నా కథ తెలిసిపోతుంది.

గురవమ్మక్క ముఖం అంతలా వెలగడం నేను ముందెన్నడూ చూడలేదు. నేను వైర్లు సర్దుతుంటే పక్కన నిలబడి తన పెళ్ళి కథ చెప్పింది. ఆమెది మాచవరం. ఏడో తరగతి చదివింది, ఆ రోజుల్లో వాళ్ళ బజారులో అదే ఎక్కువ. సంతకం కూడా రానివాణ్ణి చేసుకోనని పెళ్ళిచూపుల్లో తెగేసి చెప్పిందట. బావ కాగితం తీసుకుని, పున్నారావు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాడట. ఆ కాగితం ఇంకా పెట్టెలో ఉంది.

"పెళ్ళి పత్రికొచ్చినా, పేపరొచ్చినా నా చేతికే ఇచ్చేవాడురా. నువ్వే చదవవే, నీ గొంతులో బాగుంటది అనేవాడు. చెవులున్నన్నాళ్ళూ నా చేతే చదివించుకున్నాడు. ఇప్పుడు తనే చదువుకుంటాడు. ఇంక ఎవతి చేతులూ అక్కర్లా."

సరిగ్గా ఏడింటికి ప్రేమకుమారి గుమ్మంలోకి వచ్చింది. గురవమ్మక్క అడ్డంగా నిలబడింది.

"ఇక నువ్వు శ్రమపడి రానక్కర్లేదమ్మా. మా ఆయన చదువుకుంటాడు."

ప్రేమకుమారి ట్యాబ్ వైపు చూసింది. బావ వైపు చూసింది. ఏదో అనబోయి ఆగింది. "మంచిది వదినా" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ ఆగడం నేను గమనించాను, దాని అర్థం మాత్రం నా బుర్రకి తట్టలేదు.

మూడు వారాలు గడిచాయి. గురవమ్మక్క నుంచి ఫోన్లు లేవు. ఒక సాయంత్రం ఆ బజారులో వైరు తెగితే వెళ్ళి, పనైపోయాక ఎలా ఉన్నారో చూద్దామని లోపలికి తొంగిచూశాను. బావ కుర్చీలో కూర్చుని ట్యాబ్ వైపు చూస్తూ తల ఆడిస్తున్నాడు. ఎలా వస్తోందని సైగ చేశాను.

"బెమ్మాండంగా వస్తందిరా! ఒక్క ముక్క పోవట్లా!" అన్నాడు బజారంతా వినపడేలా.

దగ్గరికి వెళ్ళి చూశాను. బళ్ళారిలో మా చిన్నమ్మ ఉంటుంది, అక్కడి బస్సు బోర్డులు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ట్యాబ్ దానంతటదే అప్‌డేట్ అయ్యి భాష మారిపోయినట్టుంది. తెర మీద పరుగెత్తుతున్నవి తెలుగు అక్షరాలు కావు, కన్నడం. అదీ అర్థంపర్థం లేని కన్నడం. నోరు మూసుకుని భాష మార్చేసి వచ్చేస్తే సరిపోయేది. నా నోరు అలాంటిది కాదు.

"అక్కా, ఇది ఎన్నాళ్ళ నుంచి కన్నడంలో వస్తంది?"

గురవమ్మక్క వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. దూరం నుంచి అద్దాలు లేకుండా చూస్తే అన్నీ ఒకేలా గుండ్రంగా కనపడతాయి కాబట్టి ఆమెకీ తెలియలేదు. ఇప్పుడు అద్దాలు పెట్టుకుని చూసింది. తర్వాత బావని చూసింది. గోడ మీది క్యాలెండర్ కాగితం చింపి, వెనకవైపు పెద్ద అక్షరాలతో 'ఈ పూట ఏం కూర వండను?' అని రాసి ఆయన ముందు పెట్టింది.

బావ కాగితం చూశాడు, ఆమె ముఖం చూశాడు. నవ్వు తెచ్చుకుని అలవాటైన మాట అందుకున్నాడు.

"నువ్వే చదవవే, నీ గొంతులో..."

అక్కడ ఆగిపోయాడు. ఆ గొంతు ఆయనకి వినపడక ఆరేళ్ళు. కాగితం ఆయన ఒళ్ళోంచి జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

గురవమ్మక్క చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. తిన్నగా మూడో ఇంటికి. కొట్టుకుంటారేమోనని నేను వెనకే పరుగెత్తాను. ప్రేమకుమారి వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"మా ఆయనకి చదువు రాదని నీకు తెలుసా?"

ప్రేమకుమారి చేట పక్కన పెట్టింది. "తెలుసు వదినా."

"ఎప్పట్నుంచి?"

"నేను క్వారీలో చేరిన ఏడాది నుంచి. తూటాలు ఎక్కడ పేలుస్తారో, ఎన్నింటికో బోర్డు మీద రాసిపెట్టేవాళ్ళు. అన్న సరిగ్గా ఆ బోర్డు ముందే నిలబడి బీడీ కాల్చుకుని, పేల్చబోయే గుంటలోకే నడిచెల్తన్నాడు. నేను ఎదురెళ్ళి మెడ మీద చెయ్యి గీశా. బోర్డు చూడలేదా అన్నా. చూశా అన్నాడు. అప్పుడర్థమైంది. అప్పట్నుంచి రోజూ బోర్డు నేనే చేతుల్తో చెప్పేదాన్ని."

"ఇన్నేళ్ళు! నాతో ఒక్క ముక్కన్నా అనలేదే!"

"పేరు రాయడం తప్ప ఇంకేం రాదు, చెప్పొద్దన్నాడు. మా ఇంటిది చదువుకున్న మనిషి, తెలిస్తే చిన్నచూపు చూస్తదని."

గురవమ్మక్క ఒక అడుగు ముందుకేసింది. ఏడుపో కోపమో నాకు తెలియలేదు, రెండూ అయి ఉండొచ్చు. "నా దగ్గర భయం, నీ దగ్గర లేదా? నాకు తెలిస్తే పరువు పోద్ది, నీకు తెలిస్తే పోదా? ఆయన గుట్టు దాచుకోడానికి నేను పనికిరాలేదా?"

"నా దగ్గర ఆయనకి పోయేదేముంది వదినా?" అంది ప్రేమకుమారి నెమ్మదిగా. "నేను ఏమనుకుంటే ఆయనకేంది? పోయేదుంటే మీ దగ్గరే."

గురవమ్మక్క అరుగు మీద కూలబడింది. నేను వెళ్ళిపోదామా అనుకుంటుండగా ప్రేమకుమారి ముందుకు వంగి, రెండు వేళ్ళు కలిపి తన ముక్కుకి ఎడమ పక్కన ఆనించింది.

"ఇదేందో తెలుసా వదినా?"

గురవమ్మక్క తల అడ్డంగా ఊపింది.

"మీరే. క్వారీలో మీ పేరు ఇది. మధ్యాన్నం సద్ది విప్పగానే అన్న ముందు ఇట్టా చేసేవాడు. ఇవ్వాళ ఆమె గోంగూర పెట్టింది, ఇవ్వాళ ఆమె మీద అలిగొచ్చా, ఇవ్వాళ ఆమెకి జొరం. మేం మీ మొహం చూడకముందే మీ ముక్కుపుడక మాకందరికీ తెలుసు. మొన్న టీవీ రానప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడే, అదీ మీ మాట మీదే. దాని గొంతు ఎట్టా ఉంటదో మర్చిపోతన్నానని."

గురవమ్మక్క చెయ్యి దానంతటదే ముక్కుపుడక దగ్గరికి వెళ్ళింది. నలభై ఏళ్ళుగా అక్కడే ఉన్న చిన్న తెల్లరాయి. దాన్ని ఇప్పుడే ఎవరో పెట్టినట్టు తడుముకుంది.

"నా పేరు నాకు తప్ప మీకందరికీ తెలుసన్నమాట" అంది. ముఖం పక్కకి తిప్పుకుని, "నేర్పు" అంది. అడిగినట్టు లేదు, అప్పు వసూలు చేస్తున్నట్టు ఉంది.

వెనక్కి వస్తూ దారిలో నాతో అంది: "చిన్నచూపు చూసేదాన్నేరా, ఆ వయసులో. ఆయన అనుకున్నది నిజమే." ఇంటికెళ్ళి బావని ఏమన్నదో నాకు తెలియదు. అంత మొండిగా గుమ్మంలో నిలబడి వినే అలవాటు నాకు లేదు.

పది రోజుల తర్వాత ట్యాబ్ భాష మళ్ళీ మారకుండా సరిచెయ్యమంటే వెళ్ళాను. ఏడు దాటింది. మిరపకాయల కుర్చీ పెరట్లోంచి లోపలికి వచ్చింది. ఇంకొకటి కొత్తగా చేరి మూడు కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి, మధ్యలో గురవమ్మక్క, అటు బావ, ఇటు ప్రేమకుమారి. ప్రేమకుమారి టీలో పంచదార పడిందో లేదో అడగలేదు గానీ, ఆమె గుక్క గుక్కకీ ముఖం చిట్లించడం లేదు. గురవమ్మక్క అద్దాలు ముక్కు మీదికి జార్చి ట్యాబ్ మీద అక్షరాలు చదవడం, చదివింది చేతుల్లోకి మార్చి బావకి చెప్పడం. సీరియల్ ముందుకి పోతోంది, ఆమె చేతులు రెండు సీన్లు వెనకే ఉన్నాయి. టీవీలో కోడలు కన్నీళ్ళు పెట్టుకుంటే, ఈమె తడబడి అరచెయ్యి మెడ మీద గీసింది. మందు అంటించారు, పరిగెత్తమని. బావ ఉలిక్కిపడి కుర్చీలోంచి సగం లేచాడు.

లేచినవాడు, సంగతేమిటో చెబుతుందని ప్రేమకుమారి వైపు చూశాడు. ప్రేమకుమారి అదే క్షణంలో తల ఎత్తి ఫ్యాను వైపు చూడటం మొదలుపెట్టింది. అక్కడ ఏదో గొప్ప సీన్ నడుస్తున్నట్టు అలాగే చూస్తూ ఉండిపోయింది. బావకి వేరే దారి లేక మళ్ళీ భార్య చేతుల వైపు తిరిగాడు. గురవమ్మక్క ఈసారి నిదానంగా, ఒక్కో వేలూ సరిచూసుకుంటూ చేసింది. బావకి అర్థమైంది. నవ్వాడు, తువ్వాలు కళ్ళకి అద్దుకునేంతగా.

నేను బయలుదేరుతుంటే గురవమ్మక్క గేటు దాకా వచ్చింది. ముఖం వెలిగిపోతోంది, కళ్ళు మాత్రం మండుతున్నాయి.

"చూశావా దాన్ని? ఆయన అటు చూడగానే తలకాయ పైకెత్తింది. నాకోసమని. మంచితనంలో కూడా అదే నాకన్నా ముందుండాలా?"

"ఇప్పుడేం చెయ్యమంటావక్కా, కనెక్షన్ పీకెయ్యమంటావా?"

"నోరు ముయ్" అంది. గేటు గడియ పెడుతూ లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "రేపట్నుంచి దాన్ని ఏడుంబావుకి రమ్మంటా. ముందు పావుగంట తప్పో ఒప్పో, మేమిద్దరమే చూసుకుంటాం."